కొత్త డ్రైవర్ వచ్చాక త్రీ వుడ్‌కి పని ఉందా?

పాలమూరు బోగీ (జడ్చర్ల)
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. గోల్ఫ్ ఆట మొదలుపెట్టి మూడేళ్లయింది. ఇన్నాళ్లూ మా మేనేజర్ గారు వాడి పక్కన పెట్టిన పాత డ్రైవర్‌తో (మొదటి దెబ్బకి వాడే పొడుగు క్లబ్బు) నెట్టుకొచ్చాను. పోయిన నెల ధైర్యం చేసి కొత్తది కొన్నా. హెడ్ సైజు 460 సీసీ, ఫేస్ (బంతిని తాకే ముఖం) వాలు, అంటే లాఫ్ట్, 10.5 డిగ్రీలు, డబ్బా మీద "10కే" అని పెద్ద అక్షరాలు. ఈఎంఐ సంగతి ఇంట్లో ఇంకా సగమే చెప్పాను.

సమస్య ఒక హోల్ దగ్గర. నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్లి ఆడే కోర్సులో ఒక పార్ 4 (నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) ఉంది, 365 గజాలు. కుడివైపు పొడుగునా గోడ, అది దాటితే ఓబీ, అంటే హద్దు బయట. ఎడమవైపు రాళ్లగుట్ట. 200 గజాల దగ్గర ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన దారి) బాగానే వెడల్పు. 230 దగ్గర మాత్రం కూజా మెడలా సన్నబడుతుంది. నా డ్రైవర్ దొర్లడంతో కలిపి సరిగ్గా 230 పోతుంది, దానికంటే కాస్త చిన్న క్లబ్బు త్రీ వుడ్ 205.

పాత డ్రైవర్‌తో ఆలోచించే పనే లేదు, అక్కడ త్రీ వుడ్డే. కొత్తది మిస్‌హిట్‌ని కూడా క్షమిస్తుందంటున్నారుగా. మరి ఇక ప్రతి టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) మీదా డ్రైవరేనా? త్రీ వుడ్‌ని అమ్మేయమంటారా?

నాటుకోడి నల్లగొండ
శనివారం, రాత్రి 9:52

ఆ రేటుకి నాలుగు మేకలు వచ్చేవి అన్నా. మేకలు ఓబీ పోయినా సాయంత్రానికి ఇంటికొస్తాయి.

గజాల మాస్టారు (నల్లగొండ)
శనివారం, రాత్రి 10:30

మేకల లెక్క తర్వాత. ముందు ఆ "10కే" అంటే ఏమిటో తెలియాలి. ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెప్పేవాడిని, కాస్త ఓపిక పట్టండి.

ఇంటర్ ఫిజిక్స్‌లో జడత్వ భ్రామకం చదివే ఉంటారు. రెండు చివర్లా నీళ్ల బిందెలున్న కావడిని భుజం మీద పెట్టుకుని గబుక్కున పక్కకు తిరిగి చూడండి, అంత తొందరగా తిరగదు. బిందెలు తీసేసి ఉత్త బద్దతో తిరిగితే ఇట్టే తిరుగుతుంది. బరువు మధ్య నుంచి ఎంత దూరం పోతే తిప్పడం అంత కష్టం. కొత్త డ్రైవర్ హెడ్‌లో చేసింది ఇదే. పైకప్పు కార్బన్‌తో పలచగా చేసి, అక్కడ మిగిలిన బరువును వెనక్కి, అంచులకు పంపారు. బంతి ఫేస్ మధ్యలో కాకుండా చివర తగిలినా హెడ్ మెలిక తిరగడం తగ్గుతుంది. కాబట్టి బంతి వేగం మరీ పడిపోదు.

కానీ ఇక్కడే అందరూ పొరపడతారు. జడత్వం ఆపేది బంతి తగిలినప్పుడు హెడ్ తిరగడాన్ని. తగలక ముందే మీ చేతులు ఫేస్‌ని 5 డిగ్రీలు కుడికి తెరిచి తెస్తే, దాన్ని ఏ టైటానియమూ మూయదు. బంతి ఫేస్‌ని అంటుకుని ఉండేది అర మిల్లీసెకను. ఆ కాసేపట్లో క్లబ్బు మీ తప్పుని సరిదిద్దదు, ఉన్నది ఉన్నట్టు బంతికి చెప్తుంది.

లెక్క చూడండి. ఫేస్ చూసిన వైపే బంతి తిన్నగా పోయిందనుకుందాం. 5 డిగ్రీల తేడాకి 230 గజాల దగ్గర 20 గజాలు పక్కకు పోతుంది. 205 దగ్గర 18 గజాలు. అంటే త్రీ వుడ్ తీసుకుని మీరు దక్కించుకున్నది రెండు గజాలు. దానికి ఇచ్చిన మూల్యం 25 గజాల దూరం.

వెంకీ టీ బాక్స్ (వనపర్తి, ప్రస్తుతం చెన్నై)
ఆదివారం, ఉదయం 6:15

మాస్టారూ, ఒక డౌటు. రూల్ ప్రకారం ఈ జడత్వ భ్రామకానికి లిమిట్ 5,900 కదా? మరి 10కే, అంటే 10,000, అయితే రూల్ దాటిన క్లబ్బే అవుతుందిగా? పాలమూరు అన్న టోర్నమెంట్‌లో దొరికిపోతాడేమో!

గజాల మాస్టారు (నల్లగొండ)
ఆదివారం, ఉదయం 7:05

మంచి ప్రశ్న వెంకీ, అమ్మేవాళ్లు కూడా దీన్ని సరిగ్గా చెప్పరు. రూల్‌లోని 5,900 గ్రామ్ చదరపు సెంటీమీటర్లు ఒక్క దిశకే, అంటే హెడ్ కుడిఎడమలకు తిరిగే దిశకు. దాని మీద ఇంకో 100 వరకు సర్దుబాటు ఇస్తారు. హెడ్ పైకీ కిందికీ తిరిగే దిశకు రూల్‌లో పరిమితి లేదు. ఈ రెండు అంకెలూ కలిపి పది వేలు దాటించి "10కే" అని పేరు పెట్టారు. 2024లో పింగ్, టేలర్‌మేడ్ రెండూ ఆ పేరుతో వచ్చాయి. రూల్‌కి లోబడినవే.

పనిలో పని, సైజు 460 సీసీ దాటకూడదు. ఫేస్ స్ప్రింగులా ఎగరగొట్టే గుణానికీ హద్దుంది. వెనకటి లెక్కలో చెప్పాలంటే అది 0.83. గత ఇరవై ఏళ్లుగా కంపెనీలన్నీ ఆ గోడకు వీపు ఆనించి నిలబడ్డాయి. మధ్యలో తగిలిన బంతి కొత్త క్లబ్బుతో అదనంగా 20 గజాలు పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మార్పంతా మధ్యలో తగలని బంతికే.

ఫౌజీ తాత (సూర్యాపేట)
ఆదివారం, ఉదయం 8:20

నేను ఆట నేర్చింది కంటోన్మెంట్‌లో, ఆఫీసర్ల పాత క్లబ్బులతో. అప్పుడు డ్రైవర్ హెడ్ అంటే పర్సిమన్ కర్ర, సైజు ఇప్పటి దాంట్లో సగం కూడా ఉండదు. ఇనుప షాఫ్టు, 43 అంగుళాలు. మధ్యలో తగిలితే వెన్నలో కత్తి దిగినట్టుండేది. అంగుళం పక్కన తగిలితే మోచేతుల దాకా జివ్వుమనేది, బంతి ఎటు పోయిందో క్యాడీకే తెలియాలి. ఆ రోజుల్లో ఇరుకు హోల్ మీద డ్రైవర్ తీసేవాణ్ని పిచ్చోడనేవాళ్లు. "భయమేస్తే త్రీ వుడ్" అన్న మాట అక్కడి నుంచి వచ్చింది. క్లబ్బులు మారాయి, మాట మాత్రం మిగిలింది.

1979లో టేలర్‌మేడ్ వాళ్లు ఇనుప హెడ్ తెచ్చారు. 1991లో క్యాలవే బిగ్ బెర్తా వచ్చింది. దాన్ని చూసి మేం నవ్వాం, గరిటెలా ఉందని. ఇప్పుడు దాని పక్కన మీ 460 పెడితే బిగ్ బెర్తా చంటిపిల్లలా ఉంటుంది.

అయినా నేను ఒప్పుకోను మాస్టారూ. మీ లెక్కలో నేల లేదు. 2006 బ్రిటిష్ ఓపెన్‌లో, ఇంగ్లండ్‌లోని హాయ్‌లేక్ కోర్సులో, టైగర్ వుడ్స్ నాలుగు రోజులూ కలిపి డ్రైవర్ కొట్టింది ఒక్కసారి. ఆ ఏడాది అక్కడ ఎండకి గడ్డి మాడి నేల గట్టిపడింది. ఐరన్ (తక్కువ దూరాల ఇనుప క్లబ్బు) కొట్టినా బంతి పరుగెత్తింది. బంకర్లకు (ఇసుక గుంటలు) ఇవతలే ఆపుకుంటూ కప్పు పట్టుకుపోయాడు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో నేల అంతకంటే మెత్తగా ఉంటుందా?

బ్యాగు మల్లన్న (దేవరకొండ, ప్రస్తుతం హైదరాబాద్)
ఆదివారం, మధ్యాహ్నం 1:10

తాత చెప్పింది నిజం, మాస్టారు చెప్పింది కూడా నిజం. నేను 12 ఏళ్లు బ్యాగు మోసి ఇప్పుడు రేంజ్‌లో నేర్పిస్తున్నా. లెక్కలు రావు గానీ చూసింది చెప్తా.

ఎండాకాలం వేరు, వానాకాలం వేరు. మే నెలలో బంతి పడ్డాక 30 గజాలు దొర్లుతుంది. అప్పుడు మీ త్రీ వుడ్డే డ్రైవర్ దూరం పోతుంది. పైగా వంకర పోయిన బంతి కూడా అంతే దొర్లి గోడ దాకా పోతుంది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా అయితే బంతి పడ్డచోటే పాతుకుంటుంది. అప్పుడు డ్రైవర్ తప్ప వేరే మాట వద్దు. ఒకే హోల్, ఒకే మనిషి, రెండు క్లబ్బులు. ఏడాది పొడుగునా ఒకటే కొట్టేటోడిని చూస్తే నాకు నవ్వొస్తుంది.

రెండోది. త్రీ వుడ్ ఇస్తే సార్లు తగ్గి కొడతారనుకుంటాం. కొట్టరు! దూరం పోగొట్టుకున్నామని ఇంకా గట్టిగా ఊపుతారు. లేకపోతే భయంతో బంతిని నెడతారు. త్రీ వుడ్ ఫేస్ చిన్నది, బంతిని నిలబెట్టే టీ పుల్ల కూడా కిందికి పెట్టాలి. బంతి పైభాగానికి తగిలితే 80 గజాలు పాక్కుంటూ పోతుంది. "సేఫ్‌గా" అని తీసుకున్న క్లబ్బుతో ఆ దెబ్బ ఎన్నిసార్లు చూశానో నాకే తెలుసు.

పాలమూరు సార్, ముందు మీ ఫేస్ మీద టాల్కం పౌడర్ చల్లి పది బంతులు కొట్టండి. మచ్చ ఎక్కడ పడుతుందో ఫోటో పెట్టండి. అప్పుడు మాట్లాడదాం.

డాక్టరమ్మ (మిర్యాలగూడ)
ఆదివారం, సాయంత్రం 4:45

ఇక్కడ అందరూ 230, 205 అంటున్నారు. నా డ్రైవర్ దూరం 150 గజాలు, బాగా తగిలిన రోజు 160. మీరు భయపడుతున్న ఆ ఇరుకు నాకు రెండో దెబ్బకి గానీ రాదు. 

నెమ్మదిగా ఊపేవాళ్లకి 15 డిగ్రీల త్రీ వుడ్ గాల్లోకి లేవదు. నాకు తెలిసిన ఆడవాళ్లలో సగం మంది బ్యాగులో అది అలంకారానికే ఉంది. మొదట్లో ఎవరో చెప్పారని 9 డిగ్రీల డ్రైవర్ కొన్నాను, ప్రతి బంతీ కుడికి వంగి చచ్చేది. 12 డిగ్రీలకు మార్చాక పైకి లేచింది, వంకర కూడా తగ్గింది. లాఫ్ట్ ఎక్కువైతే బంతి వెనక్కి తిరిగే స్పిన్ పెరుగుతుంది, పక్కకు వంగడం తగ్గుతుంది. త్రీ వుడ్ తిన్నగా పోతుందని మీరంతా అనుకోవడానికి కారణం కూడా అదే గానీ దాని మహిమేం కాదు. నేను త్రీ వుడ్ తీసేసి ఇంకా ఎక్కువ లాఫ్ట్ ఉన్న సెవెన్ వుడ్ పెట్టుకున్నాను. టీ మీద ఎప్పుడూ డ్రైవరే.

మగవాళ్లు 9 డిగ్రీలు కొనడం పౌరుషం కిందికి వస్తుందా అని చాలాకాలంగా అడగాలనుకుంటున్నాను.

నాటుకోడి నల్లగొండ
ఆదివారం, సాయంత్రం 4:58

డాక్టరమ్మ ఒకే ఇంజక్షన్ అందరికీ వేశారు 😄

వెంకీ టీ బాక్స్ (వనపర్తి, ప్రస్తుతం చెన్నై)
ఆదివారం, రాత్రి 8:30

తాత హాయ్‌లేక్ అన్నారు, అంత దూరం ఎందుకు? 2025 అక్టోబర్‌లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఇండియా ఛాంపియన్‌షిప్ జరిగింది కదా. రోరీ మెకిల్‌రాయ్ అంతటివాడు, డ్రైవర్‌తోనే బతికే మనిషి, ఇక్కడ డ్రైవర్ పనికిరాదని దాన్ని పక్కన పెట్టేశాడు. ఆ కోర్సులో ఫెయిర్‌వేకి రెండు వైపులా ముళ్లపొదలే. గెలిచింది టామీ ఫ్లీట్‌వుడ్.

ఎదురు ఉదాహరణ కూడా నేనే చెప్తా. 2020 యూఎస్ ఓపెన్, వింగ్డ్ ఫుట్. అమెరికా ఆటగాడు బ్రైసన్ డిషాంబో నాలుగు రోజుల్లో 56 ఫెయిర్‌వేలకు గాను 23 మాత్రమే పట్టాడు. గడ్డిలోంచి కొట్టి ఆరు షాట్ల తేడాతో గెలిచాడు. అక్కడ పక్కన ఉన్నది గడ్డి, ఇక్కడ పొద. పక్కన ఏముందో చూడాలి గానీ ఫెయిర్‌వే వెడల్పు ఒక్కటే చూస్తే ఎలా?

ఇంకో ముక్క. ఇక్కడ చెన్నైలో నా దూరం నాలుగైదు గజాలు తగ్గింది. స్వింగ్ పాడైందని రెండు వారాలు టెన్షన్ పడ్డా. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది కదా, అక్కడి గాలి కాస్త పలచన, రెండు శాతం దాకా ఎక్కువ పోతుందట. తప్పు నాది కాదు, ఊరిది.

గజాల మాస్టారు (నల్లగొండ)
ఆదివారం, రాత్రి 9:15

వెంకీ అసలు తాళం పట్టుకున్నాడు. ఎంత పక్కకు పోతుందన్నది ఒకటి, పోతే ఎంత నష్టమన్నది ఇంకొకటి. పాలమూరు గారి హోల్‌కి ఈ రెండో లెక్క వేద్దాం.

కుడివైపు ఓబీ: పెనాల్టీ ఒకటి, మళ్లీ అక్కడి నుంచే కొట్టాలి. అంటే దూరం కూడా పోయినట్టే, దాదాపు రెండు షాట్లు. ఎడమవైపు రాళ్లు: కొన్నిసార్లు దొరుకుతుంది, కొన్నిసార్లు ఒక షాట్ పెనాల్టీతో బయటికి తీసుకోవాలి. రెండు వైపులా సమానం కాదు. కాబట్టి ఫెయిర్‌వే మధ్యకు గురిపెట్టడమే తప్పు. మీ బంతులన్నీ పడే మేర మొత్తాన్ని ఒక జాలరి వలలా అనుకోండి. వల కుడి అంచు గోడకు ఇవతల ఉండేలా గురిని ఎడమకు జరపండి. అలా జరిపాక సగం వల గుట్ట మీద పడుతుందంటే, అప్పుడు చిన్న క్లబ్బు తీయాలి.

తీస్తే త్రీ వుడ్ కాదు. ఫౌజీ గారు చెప్పినట్టు ఇరుకుకి ఇవతలే ఆగే క్లబ్బు, హైబ్రిడ్డో (వుడ్‌కీ ఐరన్‌కీ మధ్యరకం) ఐదో ఐరనో. అరకొర జాగ్రత్త వల్ల దూరమూ పోతుంది, భద్రతా రాదు.

ఫౌజీ తాత (సూర్యాపేట)
సోమవారం, ఉదయం 5:50

నేను ఒప్పుకోను అన్నది ఇంతసేపూ ఇదే. నేను హైబ్రిడ్ కొట్టేవాణ్నే.

గజాల మాస్టారు (నల్లగొండ)
సోమవారం, ఉదయం 6:40

అయితే మనిద్దరం ఒకే మాట మీదున్నాం తాతగారూ, నిన్నటి నుంచి ఎందుకు వాదించుకుంటున్నామో!

పాలమూరు బోగీ (జడ్చర్ల)
మూడో వారం, ఆదివారం, రాత్రి 8:10

ఆలస్యానికి క్షమించండి. మల్లన్న చెప్పిన పౌడర్ పరీక్ష చేశాను. పదింటిలో ఏడు మచ్చలు మడమ వైపు, అంటే షాఫ్టు దగ్గరగా. ఫోటో పెట్టాను.

తర్వాత ఇంకో పని కూడా చేశా. భూత్పూర్ దగ్గర మా నాన్న చెలకలో పల్లికాయ పీకేసి నేల ఖాళీగా ఉంది. సంచీ నిండా పాత బంతులు పట్టుకుని తెల్లారేసరికి వెళ్లాను. ఒక్కో క్లబ్బుతో 30 బంతులు. 20 గజాలకో గీత చొప్పున ముగ్గుపిండితో గీశా. పక్క తండా పిల్లలు నలుగురిని వేపచెట్టు కింద కూర్చోబెట్టి, నేను చెయ్యి ఎత్తాకే ఏరుకు రావాలని ఒప్పందం. మా అమ్మ చద్ది పట్టుకుని వచ్చి చూసి "ముప్పై ఆరేళ్లొచ్చినై, చెలకల గోలీలాడుతున్నడు" అని పిల్లలతో చెప్పి వెళ్లిపోయింది.

ఫలితం ఇదీ. డ్రైవర్: అటు చివరి బంతి నుంచి ఇటు చివరి బంతికి దాదాపు 60 గజాల వెడల్పు. త్రీ వుడ్: 52. కానీ త్రీ వుడ్ బంతులు ఆరు వంద గజాలు కూడా పోలేదు, మల్లన్న చెప్పిన పాకుడు దెబ్బ. హైబ్రిడ్: 36, పాకినవి లేవు, దూరం దొర్లడంతో కలిపి 185. అది గట్టి నేల కాబట్టి దూరాలు కాస్త ఎక్కువ చూపించి ఉంటాయని నాకూ తెలుసు. వెడల్పు మాత్రం కళ్లారా చూశా.

పోయిన వారం ఆ హోల్ మీద హైబ్రిడ్ తీశా. ఫెయిర్‌వే మధ్యలో పడింది, ఇంకా 180 మిగిలింది, అక్కడి నుంచి గ్రీన్ (గుంత ఉండే నున్నటి గడ్డి) పక్క బంకర్లోకి కొట్టి 5 దెబ్బల్లో ముగించా. ఈ వారం డ్రైవర్‌తో ఎడమ గుట్ట చివరికి గురిపెట్టా. రాయికి తగిలి ఫెయిర్‌వేలోకి వచ్చి పడింది. మళ్లీ 5. ఏది సరైందో ఈ రెండు దెబ్బలతో తేల్చలేం గానీ, గోడ వైపు మాత్రం పోలేదు.

బ్యాగు మల్లన్న (దేవరకొండ, ప్రస్తుతం హైదరాబాద్)
మూడో వారం, ఆదివారం, రాత్రి 9:00

ఫోటో చూశా సార్. మడమ వైపు తగిలితే బంతి కుడికి వంగుతుంది, మీ గోడ భయానికి సగం కారణం ఇదే. మీ షాఫ్టు ఎంత పొడుగు?

పాలమూరు బోగీ (జడ్చర్ల)
మూడో వారం, ఆదివారం, రాత్రి 9:06

కొలిస్తే 45 అంగుళాల 3/4. అమ్మినాయన ఎంత పొడుగైతే అంత దూరం అన్నాడు.

బ్యాగు మల్లన్న (దేవరకొండ, ప్రస్తుతం హైదరాబాద్)
మూడో వారం, ఆదివారం, రాత్రి 9:20

అట్లనే అంటారు. పెద్ద టూర్లలోనే 2022 నుంచి 46 దాటొద్దని రూలు పెట్టుకున్నారు, మీకెందుకు అంత పొడుగు? ఏమీ కోయకండి. పట్టు ఒక అంగుళం కిందికి పట్టుకుని కొట్టండి, మచ్చ మధ్యకు వస్తుందేమో చూద్దాం. వస్తే షాఫ్టు సంగతి తర్వాత ఆలోచించొచ్చు. మడమ వైపు బరువు పెట్టుకునే స్క్రూ ఉంటే అది కూడా కుడి వంకరకి కాస్త పనిచేస్తుంది గానీ, ముందు పట్టు. ఒకేసారి రెండు మారిస్తే ఏది పని చేసిందో తెలీదు.

వెంకీ టీ బాక్స్ (వనపర్తి, ప్రస్తుతం చెన్నై)
మూడో వారం, ఆదివారం, రాత్రి 9:45

అన్నా, త్రీ వుడ్ బదులు మినీ డ్రైవర్ చూశారా? 300 సీసీ పైన హెడ్, షాఫ్టు 44 అంగుళాల లోపు, లాఫ్ట్ 11.5 నుంచి 13.5. డ్రైవర్‌కీ త్రీ వుడ్‌కీ మధ్యరకం. టీ మీద త్రీ వుడ్ కంటే నయమని…

డాక్టరమ్మ (మిర్యాలగూడ)
మూడో వారం, ఆదివారం, రాత్రి 9:50

వెంకీ, ఆయన మొదటి ఈఎంఐ సంగతే ఇంట్లో ఇంకా పూర్తిగా చెప్పలేదు.

పాలమూరు బోగీ (జడ్చర్ల)
మూడో వారం, ఆదివారం, రాత్రి 10:02

చెప్పేశాను డాక్టర్ గారూ. ముగ్గుపిండి డబ్బా ఖాళీ అవడంతో ఇంట్లో అడిగారు, మొత్తం బయటపడింది. త్రీ వుడ్ అమ్మకానికి పెడుతున్నా, 15 డిగ్రీలు, రెగ్యులర్ షాఫ్టు, కవర్‌తో సహా. మహబూబ్‌నగర్, జడ్చర్ల, షాద్‌నగర్ వాళ్లెవరైనా వచ్చి కొట్టి చూసుకోవచ్చు.

నాటుకోడి నల్లగొండ
మూడో వారం, ఆదివారం, రాత్రి 10:04

మేక పిల్లకి మారుస్తావా?